ఉప్పుకాగితం

పక్కింటి మావిస్ థర్లో ఒక అట్టపెట్టె తెచ్చి
నా వంటగది బల్ల మీద పెట్టింది.
మూత మీద లాంకాస్టర్, నాలుగు ఇంజన్లు, పొట్ట కింద ఎర్రటి వెలుగు.
"సిరిల్ సగంలో వదిలేశాడు.
నువ్వు పళ్ళు కడతావుగా, ఇదీ కట్టు" అంది.

కడతాను. లింకన్‌లో రైలు గేటు పక్క ల్యాబ్‌లో
పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊరి కొరుకుడంతా నా చేతి మీదుగానే.
మైనం, పింగాణీ, సందు తెలియకుండా కూర్చడం.
కానీ విమానం నమలదు కదా.

పెట్టె తెరిస్తే ముందు వాసన: పాత జిగురు, పుదీనా బిళ్ళలు.
రెక్కలు అతికి ఉన్నాయి. తోక అతికి ఉంది.
మిగతా ముక్కలు చట్రాలకే వేలాడుతున్నాయి
కోయని చింతకాయల్లా.
సూచనల కాగితం అంచున పెన్సిల్ రాత:
"లోపలి ఆకుపచ్చ తప్పు. కంపెనీవాళ్ళకు తెలీదు."
"చక్రాలు ఆఖరికి. తొందరపడకు."
ఇంకోచోట, "పాలు. బ్రెడ్డు. మావిస్ బూట్లు."

ఏడుగురు మనుషులు, ఒక్కొక్కడూ వేలి కణుపంత.
ఆరుగురికి రంగు వేశాడు, చేతి తొడుగులతో సహా.
ఏడోవాడు, తోక చివర తుపాకుల దగ్గర కూర్చోవలసినవాడు,
ఇంకా బూడిదరంగు ప్లాస్టిక్కే.
నేను దానికో కథ అల్లబోయాను.
మావిస్ కొట్టిపారేసింది:
"కథేం లేదు. శుక్లాలొచ్చాయి. కనపడక మానేశాడు."

బాంబులకు ముదురాకుపచ్చ వేసి
అగ్గిపుల్లలకు గుచ్చి ఆరబెట్టాను.
పీపా లాంటిది ఒకటి పెద్దది, మిగతావి మిరపకాయ తొడిమలంత.
అన్నీ డెబ్బై రెండో వంతుకు కుదించారు,
రివెట్లు, నిచ్చెన, పైలట్ గడ్డం.
భాగాల జాబితా రెండుసార్లు చదివాను.
కింద ఉండవలసిన ఊరికి నంబరు లేదు.

ఆ మాట పైకి అనలేదు. మావిస్ నాన్న
ఈ బాంబుల్నే బండి మీద తోసుకెళ్ళి ఎక్కించినవాడు,
సాయంత్రం లేచినవెన్నో, తెల్లారి దిగినవెన్నో లెక్కపెట్టినవాడు.
ఆమే అంది, టీలో బిస్కెట్టు ముంచుతూ:
"ఎవరి నెత్తిన పడ్డాయని నాన్న ఎప్పుడూ అడగలేదు.
అడగలేదని ముసలితనంలో ఏడ్చేవాడు."
బిస్కెట్టు విరిగి కప్పులో పడింది. చెంచా ఇచ్చాను.

ఎడమ రెక్క కింద, రెండు ఇంజన్ల మధ్య, ఒక వేలిముద్ర.
జిగురంటిన బొటనవేలు పడి
ప్లాస్టిక్కు కరిగి, సుళ్ళు సుళ్ళుగా గట్టిపడింది.
పనివాడికి ఇది నామర్దా.
నాకైతే చేయి ఆగిపోయింది.

దీపం వాల్చి చూపించాను.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూసింది,
చీర అంచు నేత చూసినట్టు వేలితో తడిమింది.
ఉంచేద్దామా, అన్నాను.
"ఛీ, వద్దు. ఇలా ఉందని తెలిస్తే సిగ్గుతో చచ్చిపోయేవాడు" అని,
అన్న మాట చెవిన పడి తనే నవ్వేసింది.

వీళ్ళ భాషలో దాని పేరులో ఇసుక ఉంది. మా భాషలో ఉప్పు.
ఎవరు చల్లిన ఉప్పో.
నాలుగు వందలు, ఎనిమిది వందలు, పన్నెండు వందలు,
నీళ్ళలో ముంచుకుంటూ, ఒకే దిక్కుకు.
అంచు గీతలు ముందు పోయాయి.
నడిమి సుడి
చాలాసేపు ఉంది.
ఆఖరి రుద్దులు మావిస్ రుద్దింది,
మాడిన గిన్నె తోమేంత బలంగా.
రెక్క పోతుందని ఆపాను.
గిన్నెలో నీళ్ళు తెల్లబారాయి. సింకులో పోయబోతే
చేతిలోంచి లాక్కుని
కిటికీలో జెరేనియం కుండీలో పోసింది.

తర్వాత నలుపు, పాలంత పలచన, మూడు పొరలు.
రెక్క మీది గుర్తు నీళ్ళలో నానింది
కాగితం మీంచి మీగడలా జారింది.

ఏడోవాడికి నేనే రంగు వేశాను.
తొడుగుల దగ్గర నా బ్రష్షు కాస్త చెదిరింది.
టరెట్ అద్దం అతికాక కనపడదు.
మావిస్‌కి చెప్పలేదు.
చెబితే విప్పించేది.